గుంటూరు సీమలో నటవిమర్శ: ‘మోసగాళ్లకు మోసగాడు’ రేపిన వాదము

1971వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీన ‘మోసగాళ్లకు మోసగాడు’ అను చలనచిత్రము విడుదలయ్యెను. వెడల్పాటి అంచుగల టోపీ పెట్టి, నడుమునకు తుపాకీ పటకా బిగించి, ఇసుక దిబ్బలనడుమ గుఱ్ఱమునెక్కి, అవసరమునకు మించి ఒక్క మాటయైన పలుకని తెలుగు కథానాయకుని మనవారు తెరమీద చూచుట అదియే మొదలు. ఆ నాయకుడు తెనాలి చెంతనున్న బుఱ్ఱిపాలెమున పుట్టిన ఘట్టమనేని శివరామకృష్ణమూర్తి. జనుల నోట ఉత్త కృష్ణ. చిత్రము నెగ్గినది, నిర్మాతలకు ధనమును పేరును తెచ్చినది. అయినను కృష్ణాతీరము మొదలుకొని గుండ్లకమ్మ వఱకు పఱచుకొన్న ఈ పత్తి మిరప పొలముల సీమలో దానిని గూర్చి జనులు రెండు పక్షములై చిరకాలము వాదులాడుకొనిరి. ఆ వాదమున కథను గూర్చిన ప్రసంగము స్వల్పము, నటనను గూర్చిన ప్రసంగమే అధికము. అతడు నటించినాడా, ఊరక నిలుచున్నాడా అనునదే తగవు. ఇట్టి తగవు ఈ నేలమీద ఇంత పట్టుదలతో సాగుటకు కారణము తెలియవలెనన్న, ఆ చిత్రమునకు అర్ధశతాబ్ది వెనుకకు మరలి, ఇచ్చటి జనులు నటుని తూచు విద్య ఎక్కడ నేర్చిరో విచారింపవలసియున్నది.

ఆ విద్య వారు నేర్చినది పద్యనాటకమునొద్ద. బాపట్ల ప్రాంతమందలి ఇటికంపాడున జన్మించిన బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర నాటకమును, తిరుపతి వేంకటకవుల పాండవ నాటకములును, చిలకమర్తివారి గయోపాఖ్యానమును ఈ సీమలో చదివినవారికంటె విన్నవారి కెక్కువగా వచ్చును. అక్షరములు గుర్తింపలేని పాలేరు సైతము కాటిసీనులోని పద్యమును ఏ నటుడు ఏ రాగమున ఎత్తుకొనునో, ఎచ్చట ఊపిరి తీసికొనునో, ఎచ్చట తడబడునో వివరించి చెప్పగలిగెడివాడు. పంటలు ఇంటికి చేరిన పిమ్మట, తిరునాళ్లకో శ్రీరామనవమికో, ఊరివారు చందాలు పోగుచేసి నాటకము కట్టించుట పరిపాటి. పెట్రోమాక్సు దీపముల వెలుతురులో చాపలు పఱచుకొని కూర్చున్నవారు తెల్లవాఱువఱకు కదలెడివారు కారు.

ఈ ఆచారమున నటవిమర్శకు మిక్కిలి దోహదము చేసినది కాంట్రాక్టు నాటకము. ఒకే సమాజమువారు కలసి సాధనచేసి ఆడు పద్ధతి సడలి, వేఱువేఱు ఊళ్ల ప్రసిద్ధ నటులను ఒక రాత్రికి ఒప్పందము చేసికొని ఒకే వేదికపై నిలుపు పద్ధతి వచ్చిన తరువాత, నాటకము కొంతవఱకు పోటీగా మారెను. పాండవోద్యోగమున పడకసీను కృష్ణుడు ఒకరు, రాయబారము కృష్ణుడు మఱొకరు. ఒకే రాత్రి, ఒకే కథలో, ఒకే పాత్రను ఇరువురు ధరింపగా చూచు అవకాశము లోకమున ఎన్ని దేశముల ప్రేక్షకులకు కలదు? మొదటివాని పద్యమునకు వన్స్ మోర్ కొట్టినవారు రెండవవానికి కొట్టకపోయిన, ఆ మౌనమే తీర్పు. హార్మోనిస్టు శ్రుతి హెచ్చించిన, నటుడు అందుకొనగలిగెనా లేదా అని గ్రామమంతయు చెవి యొగ్గి వినుచుండెడిది. తెనాలి నటుడైన మాధవపెద్ది వెంకట్రామయ్య దుర్యోధనుడుగా నిలిచిన, ఆ కంఠము వినుటకే బండ్లు కట్టుకొని వచ్చెడివారు. నాటకరంగము తన ప్రేక్షకునకు ఇంతటి పరీక్షాధికారమిచ్చిన సీమ మఱొకటి తెలుగునాట అరుదని నా నమ్మకము.

ఇట్లు ఏర్పడిన తూనికరాయి పేరు వాచికము. ఆంగికము, ఆహార్యము, సాత్త్వికము అనునవి శాస్త్రమున సమానస్థానము గలవియే అయినను, పొలముగట్టుపై జరుగు చర్చలో మొదట వచ్చునది గొంతు. దీనికొక గొప్ప మినహాయింపు ఈ మండలముననే కలదు. దానిని తరువాతివారు మఱచుట ఈ కథకు ముఖ్యము. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభ వేదికపై సత్యభామగా, మధురవాణిగా, చింతామణిగా, రోషనారగా స్త్రీ పాత్రలను ధరించి, 1956లో పద్మశ్రీ పురస్కారమునందుకొనెను. ఆయన కీర్తికి మూలము పాట మాత్రమే యని ఎవ్వరును అనలేదు. పాత్రకొక నడక, పాత్రకొక చీరకట్టు, పాత్రకొక ఓరచూపు. సత్యభామ జడ సవరించుకొను తీరు వేఱు, మధురవాణి తమలపాకు చుట్టు తీరు వేఱు. మాటలేని నిమేషములలో ఆ దేహము పలికిన పలుకునే ఆనాటివారు ముసలితనమునందును వర్ణించి చెప్పుకొనిరి. అనగా ఈ సీమకు దేహాభినయమును మెచ్చుకొను శక్తి లేకపోలేదు. స్త్రీ పాత్రయందు మెచ్చినదానిని పురుష పాత్రయందు గుర్తించు అలవాటు మాత్రము కలుగలేదు.

టాకీలు వచ్చినప్పుడును ఈ తూనికరాయి మాఱలేదు. తెనాలి చుట్టుప్రక్కల నుండి తెరకెక్కిన వారిని చూడుడు: గోవిందరాజుల సుబ్బారావు, కొంగర జగ్గయ్య, గుమ్మడి వెంకటేశ్వరరావు. వీరందఱును ప్రధానముగ మాటచేత మనసును పట్టినవారే. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివిన జగ్గయ్య కంఠమును ఆకాశవాణిలో విన్నవారు ముఖము చూడకయే ఆయనను నటుడుగా ఒప్పుకొనిరి. అదే కళాశాలలో చదివిన నందమూరి తారకరామారావు నోట పౌరాణిక సంభాషణ పెద్ద పద్యము వలెనే ధ్వనించెడిది. ఆనాటి చర్చలలో ఒక నటుడు బాగున్నాడనుటకు వాడు మాట ఎట్లు పలికెనన్నదే సాక్ష్యము.

అట్టి నేలనుండి కృష్ణ బయలుదేఱెను. 1965లో ఆదుర్తి సుబ్బారావు నూతన నటులతో తీసిన ‘తేనెమనసులు’ అతని తొలి ప్రధాన చిత్రము. ముందుగా తీసిన భాగములను చూచిన పంపిణీదారులు కొందఱు ఈ యువకుని తొలగించి వేఱొకని పెట్టుడని కోరగా ఆదుర్తి అంగీకరింపలేదని సినిమా చరిత్రకారులు చెప్పుదురు. ఆ చిత్రమున అతడు స్కూటరుపై కారును వెంబడించి దానిమీదికి దుమికిన ఘట్టమొకటి కలదు. నిర్మాత డూండీకి నచ్చినది ఆ దుముకు. దానినిబట్టియే 1966లో ‘గూఢచారి 116’ చిత్రమున నాయక పాత్ర లభించెను. ఈ సంగతిని నేను చిన్నదిగా ఎంచను. గొంతును చూచి నటుని ఎన్నుకొను రోజులలో ఒక నటుడు కేవలము కదలికచేత ఎన్నుకోబడెను. అతని భవిష్యత్తంతయు, అతనిపై వచ్చిన ఆక్షేపణ లన్నియు, ఆ ఒక్క ఎన్నికలోనే బీజప్రాయముగ నున్నవి.

ఇంతలో పశ్చిమమున మఱొక వాదము రేగుచుండెను. ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనె, జపాను దర్శకుడు అకిరా కురొసావా 1961లో తీసిన ‘యోజింబో’ కథను ఎత్తుకొని, స్పెయిను దేశపు ఆల్మేరియా ప్రాంతపు మెట్టభూములను అమెరికా పడమటి ఎడారిగా చూపి, 1964లో ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ తీసెను. దానివెంట 1965లోను 1966లోను మఱి రెండు చిత్రములు వచ్చినవి. మూడవది ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’. నాయకుడు క్లింట్ ఈస్ట్‌వుడ్, అప్పటికి టెలివిజనులో మాత్రమే పేరున్న నటుడు. తన పాత్రకు వ్రాసిన సంభాషణలను తగ్గింపుమని ఆతడే కోరెనని ప్రసిద్ధి. మూడవ చిత్రమున ఇంచుమించు మొదటి పది నిమిషములు ఒక్క మాటయు వినరాదు. గాలి, అడుగుల చప్పుడు, కుక్క, తలుపు, తుపాకి. వీని మధ్య ఎన్నియో మొరికోనె కూర్చిన ఈలలును కేకలును. 1967లో ఈ మూడును అమెరికాలో విడుదలైనప్పుడు అచ్చటి విమర్శకులు పలువురు హింస యని, నీతిలేని నాయకుడని, అసలైన పడమటి చిత్రమునకు నకలని తీసివేసిరి. సామాన్య ప్రేక్షకులు డబ్బిచ్చి మరల మరల చూచిరి. నేడు అవే చిత్రములు చలనచిత్ర విద్యాలయములలో పాఠములు. అమెరికా తన సొంత పురాణమని భావించిన వేషమును ఇటలీవాడు ధరించుటయే ఆ పెద్దల కోపమునకు మూలము.

1969లో వచ్చిన ‘మెకన్నాస్ గోల్డ్’ స్థితి దీనికి వ్యతిరేకము. గ్రెగరీ పెక్, ఒమర్ షరీఫ్ నటించిన ఆ చిత్రము స్వదేశమున నిరాశను మిగిల్చి, భారతదేశమున విపరీతముగ ఆడెను. దాచిన బంగారము, దానిని వెదకు దుర్మార్గులు, కొండలోయ, గుఱ్ఱములు. ఇంగ్లీషు మాట ఒక్కటియు తెలియనివారు దానిని చూచి ఆనందించిరన్న, అచ్చట వాచికము పనిచేయలేదన్నది స్పష్టము. మన నిర్మాతలు ఈ సూచనను గ్రహించిరి.

కృష్ణ సోదరులతో కలసి స్థాపించిన పద్మాలయా సంస్థ తొలి చిత్రము ‘అగ్నిపరీక్ష’ విఫలమయ్యెను. సామాన్యముగ అట్టి దెబ్బ తిన్నవారు రెండవసారి కన్నీటి కుటుంబకథనో, పండుగ అల్లరి కథనో ఆశ్రయింతురు. 1971 సంక్రాంతికి అక్కినేని నాగేశ్వరరావు ‘దసరాబుల్లోడు’ విజయదుందుభి మ్రోగించియుండెను. సెప్టెంబరులో ఆయనదే ‘ప్రేమనగర్’ రానుండెను. ఆ రెంటి నడుమ, అమ్మ కన్నీరులేని, చెల్లెలి పెండ్లిలేని, ధర్మోపన్యాసములేని కథను చేపట్టుట సాహసమే. కథను మాటలను వ్రాయుటకు వారు ఆశ్రయించినది ఆరుద్రను. ‘త్వమేవాహం’ కర్తయు, సమగ్రాంధ్ర సాహిత్య చరిత్రను సంపుటములుగా వెలయించిన పరిశోధకుడునైన ఆయన, లియోనె చిత్రములలోని ఘట్టములను, మెకన్నా బంగారమును కలిపి, కథను కుంఫిణీ దొరల కాలమునకు నెట్టి, ఒక సంస్థానపు గుప్తనిధిని వెదకు కథగా మలచెను. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్, అంతకు ముందటి ఏడే విజయలలితతో ‘రౌడీరాణి’ తీసి ఆడుదానిచేత తుపాకి పట్టించిన సాహసి. ఛాయాగ్రహణము వి.ఎస్.ఆర్. స్వామి, సంగీతము పి. ఆదినారాయణరావు. మద్రాసు స్టూడియో గోడల నడుమ గుడ్డపై వ్రాసిన ఎడారి చాలదని, బృందమంతయు రాజస్థాను ఇసుకలకును సిమ్లా కొండలకును తరలిపోయెను. విజయనిర్మల నాయిక; నాగభూషణము, కైకాల సత్యనారాయణ, జ్యోతిలక్ష్మి మొదలగువారు తక్కిన పాత్రలు.

కాలమును కుంఫిణీ యుగమునకు మార్చుటలో ఆరుద్ర చూపిన వివేకము మీద తగినంత చర్చ జరుగలేదు. చిత్రమును నిరసించినవారు మొదట అన్నది, మన నేలమీద ఈ గుఱ్ఱములేమి, ఈ దోపిడి యేమి, ఇది పరదేశపు పీడకల యని. ఆ మాట ఈ మండల చరిత్ర ముందు నిలువదు. 1816 మార్చిలో పిండారీ గుఱ్ఱపుదండు గుంటూరు సీమపై పడి, గుంటూరు పట్టణమును సైతము దోచి, కొలది దినములలో మాయమయ్యెను. ఆ దండయాత్రలో కుంఫిణీ మండలములలో 339 గ్రామములు దోపిడి కాగా 182 మంది ప్రాణములు కోల్పోయిరనియు, దాచిన సొమ్ము చెప్పుమని వేలమందిని చిత్రహింసల పెట్టిరనియు నాటి లెక్కలు చెప్పుచున్నవి. బూడిద మూటలు ముక్కునకు కట్టి, కాలిన ఇనుము ఒంటికానించి నిధి ఎచ్చటనని అడిగిన రౌతులు ఈ పొలములమీదనే తిరిగిరి. ఆ భయముతో పాతిపెట్టి, యజమాని చనిపోగా భూమిలోనే మిగిలిన సొమ్ము ఎంతయో. కొండవీటి కోట చుట్టును, పల్నాటి శిథిలాలయములలోను లంకెబిందెలకై ఇప్పటికిని రాత్రులు గుంతలు త్రవ్వుచునే యున్నారు. దాచిన నిధి, గుఱ్ఱముమీది దొంగ, తుపాకి గల దొర, ఈ మూడింటికిని మనకు అమెరికా అప్పు అక్కరలేదు. టోపీ ఒక్కటే పరాయిది.

అయితే పెద్దల అసలు ఆక్షేపణ టోపీ మీద కాదు. రచ్చబండనొద్ద, కిళ్లీకొట్టునొద్ద, మిల్లు చావడిలో సాగిన మాటల ధోరణి ఇట్లుండెడిది: “అదేం నటనరా, పద్యమా పాటా? కళ్లు చికిలించి నిలబడితే సరిపోద్దా?” దానికి కుఱ్ఱవాని జవాబు: “నువ్వు చెవుల్తో చూట్టం మరిగావు బాబాయ్, ఒక్కసారి కళ్లతో చూడు.” ఈ రెండు వాక్యములలో ఒక శతాబ్ది నాటకచరిత్ర ఇమిడియున్నది. పెద్దవారు అన్యాయము పలుకలేదు. కృష్ణ గొంతులో ఎన్.టి. రామారావు గాంభీర్యము లేదు, జగ్గయ్య స్ఫుటత లేదు. సంభాషణ దీర్ఘమైన చోట అతడు దానిని పరుగెత్తించును. నృత్యము అతనికి కొఱకరాని కొయ్య. వేదికమీద ఏ గుణములు నటుని నిలబెట్టునో అవి అతనియందు తక్కువ. వారి తూనికరాయి సరియైనదే, తూచవలసిన సరుకే మాఱినది.

ఈ చిత్రమున నాయకుని పని భావమును వెల్లడించుట కాదు, దాచుట. ఎదుటివాడు తుపాకిని తాకువఱకు తన చేయి కదలనీయకుండుట, గెలిచినప్పుడు నవ్వకుండుట, మోసపోయినప్పుడు ముఖము మార్చకుండుట. ఇట్టి నిగ్రహమును దూరమునుండి చూచు నాటకప్రేక్షకుడు గుర్తించుటకు వీలులేదు. నిలువెత్తు తెరమీద కనురెప్ప అల్లాడుట సైతము కనబడు సినిమాలోనే దానికి విలువ. కృష్ణ ముఖమున సహజముగ నున్న ఒక విధమైన స్థిరత్వము, సాంఘిక చిత్రములలో లోపముగ తోచినది, ఇచ్చట గుణమై కూర్చున్నది. అతడు గొప్ప నటుడని దీనిచేత ఋజువు కాదు. తగిన పాత్ర తగిన మనుష్యుని చేరినదని మాత్రము ఋజువగును. నాయకుని ఎన్నికలో అంతకుమించి కోరదగినది లేదు. గుఱ్ఱపుస్వారీలోను, పరుగులోను, పడుటలోను అతడు చూపిన నిర్భీతి, తేనెమనసుల నాటి స్కూటరు దుముకునకు సహజమైన కొనసాగింపు.

విచిత్రమేమన, ఉభయపక్షములవారును తల ఊపినది నాగభూషణమునకు. నక్కజిత్తుల నాగన్న అను ఆ పాత్ర లియోనె మూడవ చిత్రమున ఎలై వాలక్ ధరించిన పాత్రకు తెలుగు తోబుట్టువు: వాగుడు, పిఱికితనము, ఆశ, పగ, అన్నియు నున్నవాడు, నాయకునితో పొత్తు కూడి, అతనినే మోసగించి, అతనిచేతనే రక్షింపబడువాడు. నాగభూషణము అప్పటికే ‘రక్తకన్నీరు’ నాటకమును ఊరూర ఆడి, తమిళమున ఎం.ఆర్. రాధ కెంత పేరో తెలుగున తనకంత పేరు తెచ్చుకొనియుండెను. గుంటూరు, ఒంగోలు ప్రాంతముల జనులు ఆయన వెటకారపు విఱుపును, సాగదీసి విడుచు పలుకును వేదికనొద్దనే విని మురిసియుండిరి. అందుచేత ఆ ఎడారిలో, ఆ టోపీల నడుమ, పెద్దవారికి ఎఱిగిన గొంతు ఒకటి దొరకెను. నాయకుడు మౌనము వహించిన కొలది ఈతని మాటకు చోటు పెరిగెను. ఈతడు వదరిన కొలది ఆతని మౌనమునకు బరువు పెరిగెను. చిత్రము బాగుండలేదు గాని నాగభూషణము బాగున్నాడు అన్నవారు, తమకు తెలియకయే, రెండవవాని నటనను సగము ఒప్పుకొన్నట్లే. ఎందుకన ఆ జంటలో ఒకని నుండి మఱొకని విడదీయుట సాధ్యము కాదు. విజయనిర్మల విషయమున ఇట్టి చర్చయే జరుగలేదు. కథ ఆమెకు ఇచ్చిన చోటు స్వల్పము. ఇది చిత్రమునందలి నిజమైన లోపము. ఆడవారు ఈ చిత్రమునొద్ద చేరలేదను మాటలో సత్యమెంత యున్నను, దానికి తుపాకుల మ్రోతకంటె ఈ లోపమే ముఖ్యకారణమని నేను తలంతును.

పల్లెలకు ఈ చిత్రము చేరిన తీరును కూడ కొంత చెప్పవలెను. ఆగస్టు చివర మిరపనారు పొలమున నాటు తరుణము, పత్తికి కలుపు తీయు తరుణము. రైతు చేత డబ్బాడని కాలము. పట్టణములలో కొత్త బొమ్మ ఆడుచున్నదని విన్నను, మెట్ట గ్రామములవారికి సినిమా కాలము సంక్రాంతి దాటిన పిదప, పత్తి తీతలు సాగి, మిరప కల్లములు ఎఱుపెక్కిన పిమ్మటనే. పట్టణపు హాళ్లలో అరిగిన పాత ప్రింట్లు అప్పటికి టూరింగు టాకీసుల డేరాలకు దిగును. నేల, బెంచి, కుర్చీ అను మూడు తరగతులు. బండిమీద మైకు కట్టి, రంగు కరపత్రములు వెదజల్లుచు ఊరూర చాటింపు. ఒకటే ప్రొజెక్టరు గనుక రీళ్లు మార్చునప్పుడెల్ల దీపములు వెలుగును. ఆ విరామములు మూడో నాలుగో ఉండెడివి. ప్రతి విరామమునను వాదము మరల మొదలు. కాంట్రాక్టు నాటకమున సీనుకు సీనుకు నడుమ సాగిన తీర్పరితనము డేరాలో రీలుకు రీలుకు నడుమ సాగెను. మిరపకోతకు దూరపు ఊళ్లనుండి వచ్చిన కూలీలు పగలెల్ల ఘాటులో మునిగి, రాత్రి నేలతరగతిలో కూర్చుండి, సంభాషణ సరిగా వినరాని ఆ లౌడుస్పీకరు నొద్ద ఈ చిత్రమును చూచిరి. మాటలు తక్కువైన బొమ్మ వారికి సులభముగ అందినది. 1967లో సాగరు కుడికాలువకు నీరు విడిచినది మొదలు ఈ మెట్టలలో కొత్తగా డబ్బు, కొత్తగా వలసలు, కొత్తగా బస్సులు. 1970లో ఒంగోలు కేంద్రముగ కొత్త జిల్లా. నాటకము నెఱుగని, నాటక సంస్కారపు బరువు మోయని ఒక తరము సినిమా టికెట్టు కొను స్థితికి వచ్చినది ఈ సంవత్సరములలోనే. కుఱ్ఱల పక్షము గెలుచుటకు వాదబలము కంటె ఈ సంఖ్యాబలము తోడ్పడినది.

చిత్రము తమిళ, హిందీ భాషలలోనికి మార్చబడి, ఇంగ్లీషున ‘ట్రెజర్’ అను పేర విదేశములకును పోయెను. అప్పుతెచ్చిన వేషము అప్పిచ్చినవారి భాషలోనికే తిరిగి పోవుట గమనింపదగినది. స్వదేశమున వాదము మాత్రము 1974 వఱకు తెగలేదు. ఆ యేట వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ను సినిమాస్కోపున తీయుచుండగా దర్శకుడు వి. రామచంద్రరావు మధ్యలో మరణించెను. పోరాట ఘట్టములు కె.ఎస్.ఆర్. దాస్ చేతిమీదుగ పూర్తియయ్యెను. కెమెరా మరల స్వామిదే. మితభాషియై, కొండగాలిలో స్థిరముగ నిలుచున్న ఆ రాజును చూచినప్పుడు, మూడేండ్ల క్రిందట కళ్లు చికిలించుటను ఎగతాళి చేసిన పెద్దలలో అనేకులు లొంగిపోయిరి. ఎడారిలో నేర్చిన నిగ్రహమే మన్యమున పనికివచ్చినదని వారు ఒప్పుకొనకపోవచ్చును; నాకు మాత్రము ఆ రెండు పాత్రల నడుమ గీత స్పష్టముగ కనబడుచున్నది. తొలి చిత్రములేనిదే రెండవది ఆ రూపమున వచ్చియుండదు.

కౌబాయి వేషము తరువాతను అప్పుడప్పుడు తెలుగు తెరను పలుకరించినది. 1990లో చిరంజీవి ‘కొదమసింహం’. 2002 సంక్రాంతికి కృష్ణ కుమారుడు మహేశ్‌బాబు ‘టక్కరి దొంగ’, జయంత్ సి. పరాన్జీ దర్శకత్వమున, విపరీత వ్యయముతో, విదేశపు ఎడారులలో తీసిన భాగములతో. తండ్రి అందొక చిన్న పాత్రలో కనిపించెను. ఆ చిత్రముపైనను అభిప్రాయములు చీలినవి. పెట్టిన డబ్బునకు తగిన ఆదరణ రాలేదు, నటనకు మాత్రము నంది ప్రత్యేక బహుమతి వచ్చినది. అయితే 2002 నాటి వాదము 1971 నాటిది కాదు. అప్పటికి వాచికపు తూనికరాయి పట్టుకొన్న తరము చాలవఱకు గతించియుండెను; చర్చ వసూళ్లను గూర్చి, పోలికను గూర్చి సాగెనే గాని నటుడు నిలుచున్నాడా, నటించినాడా అని అడిగినవారు కొలదిమంది. ఆ ప్రశ్న అడుగుట మానివేయుట అభివృద్ధి యని నేను అనుకొనలేను. పద్యమును ఎత్తుగడనుండి దింపువఱకు తూచిన ఆ చెవులు గలవారు తప్పు తీర్పు చెప్పినను, తీర్పు చెప్పుటకు తగిన పరిశ్రమ చేసి చెప్పిరి.

2022 నవంబరు 15న కృష్ణ కన్నుమూసిన పిదప, మరుసటి సంవత్సరము ఆయన జన్మదినమైన మే 31న ‘మోసగాళ్లకు మోసగాడు’ నూతనముగ శుభ్రపఱచిన ప్రతితో థియేటర్లకు తిరిగివచ్చెను. పాత ప్రింట్ల గీతలు, వెలిసిన రంగులు తొలగినందున, డేరాలలో ఎన్నడును కనబడని సంగతులు కొన్ని బయటపడినవి: రాజస్థాను సంధ్యలో గుఱ్ఱముల డెక్కల ధూళి, నాగభూషణము కంటికొనలోని భయము, సుదూరమున చుక్కవలె మొదలై పెరుగుచు వచ్చు రౌతు. ఇవన్నియు స్వామి కెమెరాకును దాస్ ఓపికకును చెందినవి. మన చర్చ నాటకమునొద్ద పుట్టినది గనుక నటుని దాటి పోలేదు. అర్ధశతాబ్దిపాటు కృష్ణను మెచ్చినవారును, తిట్టినవారును ఈ ఇరువురి పేర్లు ఎత్తలేదు. 2012లో దాస్ మరణించినప్పుడును పత్రికలు ఆయనను కృష్ణకు చిత్రములు తీసిన దర్శకుడుగనే తలచుకొన్నవి. ఆ ఇసుకలో వెలుగు మాఱకముందే ఎన్ని గుఱ్ఱములను, ఎంతమందిని, ఎన్నిమారులు పరుగెత్తించి ఆ దృశ్యములను రాబట్టిరో, ఆ బృందములో మిగిలియున్న సాంకేతికులనడిగి వ్రాసికొనవలసిన పని ఇంకను మిగిలియున్నది.